ఆపిన మెయిల్ ఎక్కడికి పోయిందో తెలియాలి

ముందుగా మీ ప్రశ్న ఇంకొకసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది. మీ సంస్థలో 40 మెయిల్‌బాక్సులున్నాయి, సర్వర్ మీరే చూసుకుంటున్నారు. స్పామ్ మరీ ఎక్కువైపోతోందని 'ఆఫర్', 'ఉచితం', 'అర్జెంట్', 'ఇన్వాయిస్' లాంటి మాటలు కనబడితే మెయిల్ నేరుగా డిలీట్ అయిపోయేలా రూల్స్ పెట్టారు. నెల తిరక్కుండానే, ఏళ్ల తరబడి మీతో పనిచేస్తున్న ఒకరు పంపిన ముఖ్యమైన మెయిల్ మాయమైంది. ఆయన ఫోన్ చేసి "జవాబెందుకు ఇవ్వలేదు?" అని అడిగేదాకా, అంటే 11 రోజుల పాటు, ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఏ ఫిల్టర్ పెట్టుకోవాలి, తెలియని చిరునామాల నుంచి మెయిల్ వస్తే "మీరు మనిషేనని నిర్ధారించండి" అని ఆటోమేటిక్ జవాబు పంపుదామని మీ సహోద్యోగి చెప్పిన పద్ధతి మంచిదేనా, స్టాఫ్‌కి ఏం చెప్పాలి అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా మెయిల్ సర్వర్లు చూసుకుంటున్నాను. మీకు జరిగింది నాకూ జరిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఈ రోజే ఆ డిలీట్ రూల్స్ తీసేయండి. స్పామ్ ఇన్‌బాక్స్‌లోకి వస్తే కంటికి కనబడుతుంది. విసుక్కుంటాం, తీసేస్తాం, అక్కడితో అయిపోతుంది. మంచి మెయిల్ పోతే మాత్రం ఎవరికీ కనబడదు. పంపినవాళ్లు చేరిందనుకుంటారు, మీరు అసలు రాలేదనుకుంటారు, మధ్యలో పని ఆగిపోతుంది, ఒక్కోసారి మనసులూ విరుగుతాయి. చెత్త మెయిళ్ల మీద విసుగుతో ఉత్తరాలే రాకుండా చేసుకోవడం, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సియాలిస్ అనే మందు అమ్ముతామంటూ స్పామ్ వరదలా వచ్చేది. ఆ పేరు మెయిల్‌లో ఎక్కడ కనబడినా డిలీట్ చెయ్యమని ఒక్క లైను రూల్ రాశాను. స్పామ్ నిజంగానే తగ్గింది, అందరూ సంతోషించారు. మూడు వారాల తర్వాత మా దగ్గర ఉద్యోగాల సంగతి చూసే ఆవిడ వచ్చి, స్పెషలిస్ట్ పోస్టుకి ప్రకటన ఇస్తే ఒక్క దరఖాస్తు కూడా రాలేదేమిటండీ అని అడిగారు. ఇంగ్లీషు స్పెల్లింగులో స్పెషలిస్ట్ అన్న మాటలోంచి మొదటి మూడు అక్షరాలు, చివరి ఒక్క అక్షరం తీసేసి చూడండి. మిగిలేది ఆ మందు పేరే. ఆ దరఖాస్తులు ఎంతమంది పంపారో, ఎవరు ఎంత ఆశ పెట్టుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే రూల్ వాటిని ఎక్కడా దాచలేదు. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: మెయిల్‌ని ఇన్‌బాక్స్‌లో వెయ్యొచ్చు, స్పామ్ ఫోల్డర్‌లో వెయ్యొచ్చు, గుమ్మం దగ్గరే కారణం చెప్పి వెనక్కి పంపొచ్చు. చప్పుడు చెయ్యకుండా మింగెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యను.

చిన్న లెక్క ఒకటి చూడండి. మీ 40 మందికీ కలిపి రోజుకి వెయ్యి మంచి మెయిళ్లు వస్తాయనుకుందాం. మీ ఫిల్టర్ మంచి మెయిళ్ల విషయంలో వెయ్యికి 999 సార్లు సరిగ్గానే తేలుస్తుందనుకుందాం, అది చాలా గొప్ప ఫిల్టర్ కింద లెక్క. అయినా రోజుకి ఒకటి పోతుంది. 300 పనిదినాల్లో 300 ఉత్తరాలు. అందుకే "ఎంత స్పామ్ పట్టింది" అని అడిగేకంటే "పొరపాటున పట్టిన మెయిల్ ఏమవుతోంది" అని అడగండి. ఫిల్టర్ మంచిచెడ్డలు అక్కడే తేలతాయి.

ఇక గుమ్మం దగ్గర వెనక్కి పంపడం అంటే ఏమిటో చెప్తాను. మెయిల్ ఫిల్టరింగ్‌లో ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదని నా నమ్మకం, కానీ చాలామంది దీన్ని దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్ పేర్ల దగ్గరికి వెళ్లిపోతారు.

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి మెయిల్ ఇచ్చే పద్ధతిని ఎస్‌ఎంటీపీ అంటాం. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలని ఆర్‌ఎఫ్‌సీ అంటారు)తో అది స్థిరపడింది, ఇప్పటికీ మూలం అదే. రెండు సర్వర్ల మధ్య చిన్న సంభాషణ లాగా నడుస్తుంది. వచ్చిన సర్వర్ ముందు తన పేరు చెప్తుంది. తర్వాత ఈ మెయిల్ ఫలానా చిరునామా నుంచి అంటుంది, ఆ తర్వాత ఫలానా చిరునామాకి అంటుంది. ఆ తర్వాత ఉత్తరమంతా చదివి, చివర ఒక లైనులో ఒక్క చుక్క పెట్టి ఆగుతుంది. ప్రతి మాటకీ మీ సర్వర్ మూడంకెల జవాబిస్తుంది. 2తో మొదలైతే సరే అని, 4తో మొదలైతే ఇప్పుడు కాదు తర్వాత రమ్మని, 5తో మొదలైతే కుదరదని అర్థం. ఆ చివరి చుక్క తర్వాత మీ సర్వర్ 250 అన్నదంటే, అక్కడి నుంచి ఆ మెయిల్ బాధ్యత మీది.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, "ఫలానా చిరునామా నుంచి" అని చెప్పే మాట కవరు మీద రాసిన పేరు లాంటిది, ఎవరైనా ఎవరి పేరైనా రాయొచ్చు. ఉత్తరం లోపల మనకి కనబడే పేరు ఇంకోటి. ఈ రెండూ ఒకటే అయి ఉండాలన్న నియమమే లేదు. రెండోది, మెయిల్ వద్దనుకుంటే సంభాషణ నడుస్తుండగానే, ఆ 250 అనకముందే 550 అనెయ్యాలి. అప్పుడు అవతలి సర్వరే తన మనిషికి "మీ మెయిల్ వెళ్లలేదు, కారణం ఇదీ" అని చెప్పుకుంటుంది. పంపింది నిజమైన మనిషైతే ఆయనకి నిమిషాల్లో తెలిసిపోతుంది. స్పామ్ పంపే ప్రోగ్రామ్ అయితే మామూలుగా పట్టించుకోదు, తర్వాతి చిరునామాకి పోతుంది. ఎవరికీ నష్టం లేదు.

అలా కాకుండా ముందు 250 అనేసి, లోపలికి తీసుకున్నాక అది స్పామ్ అని తేల్చి, కవరు మీదున్న చిరునామాకి "మీ మెయిల్ తిరస్కరించాం" అని బౌన్స్ పంపారనుకోండి. ఆ చిరునామా దొంగది. అది ఎవరో అమాయకుడిది. మీ బౌన్స్ వెళ్లి ఆయన నెత్తిన పడుతుంది. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. మన భాషలో అచ్చంగా అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. ఒక రోజు పొద్దున్నే మెయిల్ తెరిస్తే నా ఇన్‌బాక్స్‌లో నాలుగు వేలకు పైగా బౌన్సులున్నాయి. రాత్రి ఎవడో నా చిరునామా కవరు మీద రాసి లక్షల చిరునామాలకి స్పామ్ పంపాడు. వాడికి నేనెవరో తెలియదు, నాకు వాడెవడో తెలియదు. నన్ను ముంచింది వాడు కూడా కాదు, వాడి మెయిల్‌ని ముందు లోపలికి తీసుకుని తర్వాత నాకు తిప్పి పంపిన సర్వర్లు. వాటిల్లో ఏ ఒక్కదాని అడ్మిన్‌కీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ రెండు రోజులూ నా అసలు మెయిళ్లు ఆ కుప్పలోంచి ఏరుకోవాల్సి వచ్చింది.

అందుకే మీ సహోద్యోగి చెప్పిన "మనిషేనని నిర్ధారించండి" పద్ధతి వద్దని గట్టిగా చెప్తున్నాను. ఆయనకి అది తెలివైన ఉపాయంలాగే కనబడుతుంది, ఎందుకంటే మీ ఇన్‌బాక్స్ నిజంగానే శుభ్రమవుతుంది. కానీ మీకొచ్చే ప్రతి స్పామ్‌కీ ఒక ప్రశ్న వెళ్లి ఏ సంబంధమూ లేని మనిషి ఇన్‌బాక్స్‌లో పడుతుంది. మీ చెత్త మీరు ఎత్తకుండా పక్కింటి గుమ్మంలో పోసినట్టు. పైగా ఆన్‌లైన్‌లో ఏదైనా కొన్నప్పుడు వచ్చే రసీదులు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు ఇవన్నీ మెషీన్లు పంపేవి. అవి మీ ప్రశ్నకి జవాబు చెప్పలేవు, కాబట్టి అక్కడే ఉండిపోతాయి. ఇంకో సంగతి, మీలాంటి ప్రశ్నలే పంపే సర్వర్ అవతల కూడా ఉంటే రెండూ ఒకదాన్నొకటి అడుగుతూ కూర్చుంటాయి, అసలు ఉత్తరం ఎవరికీ చేరదు.

సెలవులో ఉన్నామని వెళ్లే ఆటోమేటిక్ జవాబులకి కూడా ఇదే మర్యాద వర్తిస్తుంది. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834 దీని గురించే. స్పామ్ అని తేలిన వాటికి, మెయిలింగ్ లిస్టుల (ఒక చిరునామాకి రాస్తే సభ్యులందరికీ పోయే గుంపుల) నుంచి వచ్చిన వాటికి, ఇంకో ఆటోమేటిక్ మెయిల్‌కి జవాబు పోకూడదు. ఒకే మనిషికి ప్రతిసారీ పోకూడదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ సెట్టింగులు ఉన్నాయో లేదో చూసుకోండి.

సరే, గుమ్మం దగ్గర ఏం చూసి వద్దనాలి? మొదట పనికొచ్చేవి బ్లాక్‌లిస్టులు. 1997లో పాల్ విక్సీ అనే ఇంటర్నెట్ ఇంజనీరు వాళ్లు మొదలుపెట్టిన ఆలోచన ఇది, మరుసటి ఏడాది ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ వచ్చింది. స్పామ్ పంపుతూ దొరికిన ఐపీ చిరునామాల (ఇంటర్నెట్‌లో మెషీన్లకుండే అంకెల చిరునామాల) జాబితాని డీఎన్‌ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్లకి అంకెల చిరునామాలు చెప్పే వ్యవస్థలో పెడతారు. 192.0.2.25 నుంచి ఎవరైనా వస్తే మీ సర్వర్ ఆ అంకెల వరసని తిప్పి, 25.2.0.192 అని జాబితా పేరు ముందు తగిలించి అడుగుతుంది. 127.0.0.2 లాంటి జవాబొస్తే జాబితాలో ఉందని, ఏమీ రాకపోతే లేదని అర్థం. ఖర్చు దాదాపు శూన్యం, ఉత్తరం తెరవకుండానే బోలెడంత చెత్త పోతుంది.

కానీ ఇక్కడ చాలామంది దెబ్బతిన్న చోట్లు రెండున్నాయి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. అయినా ఎన్నో సర్వర్లు దాన్ని అడుగుతూనే ఉన్నాయి. 2008 మార్చిలో అది ఏ చిరునామా అడిగినా "ఉంది" అనడం మొదలుపెట్టింది. సెట్టింగులు సరిచూసుకోనివాళ్లకి ఆ రోజు నుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు. రెండోది, స్పామ్‌హాస్‌ని పెద్ద పబ్లిక్ డీఎన్‌ఎస్ సర్వర్ల ద్వారా అడిగితే 127.255.255.254 అని జవాబొస్తుంది. అది "ఇలా అడగకూడదు" అని చెప్పే ఎర్రర్ కోడ్. మీ సర్వర్ 127తో మొదలైన ఏ జవాబైనా "జాబితాలో ఉంది" అనుకునేలా ఉంటే వచ్చిన ప్రతి మెయిల్‌నీ వెనక్కి కొడుతుంది. కాబట్టి మీ సర్వర్‌లోనే సొంత రిజాల్వర్ (డీఎన్‌ఎస్‌ని అడిగి జవాబు తెచ్చే ప్రోగ్రామ్) పెట్టుకోండి, ఏ కోడ్‌కి ఏం చెయ్యాలో విడివిడిగా రాయండి. జాబితాలు ఒకటి రెండు చాలు. దొరికిన ప్రతిదాన్నీ తగిలించిన సర్వర్లు చూశాను, అక్కడ ఏది ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేరు.

గ్రేలిస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను. కొత్తవాళ్లు రాగానే 451 అని తర్వాత రమ్మనడం, నిజమైన సర్వర్ మళ్లీ వస్తుంది, స్పామ్ ప్రోగ్రామ్ రాదు అన్నది 2003లో ఇవాన్ హారిస్ ఇచ్చిన ఉపాయం. అప్పట్లో అద్భుతంగా పనిచేసింది. ఇప్పుడు పెద్ద సర్వీసులు ప్రతిసారీ వేరే ఐపీ నుంచి ప్రయత్నిస్తాయి, ఐదు నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీ ఇరవై నిమిషాలకి వస్తుంది. మీ సంస్థకి అవసరం లేదనిపిస్తోంది.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పేర్లు వినే ఉంటారు. ఎస్‌పీఎఫ్ అంటే మా డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాతి భాగం) పేరుతో ఈ సర్వర్లే మెయిల్ పంపుతాయని డొమైన్ యజమాని ముందే ప్రకటించడం. డీకిమ్ అంటే పంపే సర్వర్ ఉత్తరం మీద డిజిటల్ సంతకం పెట్టడం. డీమార్క్ అంటే కంటికి కనబడే చిరునామా ఈ రెండిట్లో కనీసం ఒకదానితోనైనా సరిపోవాలి, సరిపోకపోతే ఏం చెయ్యాలో చెప్పడం. వీటిని తప్పకుండా చూడాలి. అయితే ఇవి పాసైతే మంచి మెయిల్ అని అర్థం కాదు. పంపింది ఎవరో తెలిసింది, అంతే. సొంత డొమైన్ కొనుక్కుని, మూడూ చక్కగా పెట్టుకుని స్పామ్ పంపేవాళ్లు బోలెడంతమంది. ఫెయిలైతే చెడ్డదనీ కాదు. ఎవరైనా తమ పాత చిరునామాకొచ్చిన మెయిల్‌ని మీ దగ్గరికి ఫార్వర్డ్ పెట్టుకుంటే ఎస్‌పీఎఫ్ విరిగిపోతుంది, ఎందుకంటే మధ్యలో ఉన్న సర్వర్ ఆ జాబితాలో ఉండదు. మెయిలింగ్ లిస్ట్ సబ్జెక్టు ముందు తన పేరు తగిలిస్తే డీకిమ్ సంతకం చెల్లదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కి డీమార్క్‌ని 'రిజెక్ట్' అని పెట్టినప్పుడు లోకంలోని మెయిలింగ్ లిస్టులన్నీ ఇలాగే కలగాపులగమయ్యాయి. అందువల్ల ఎస్‌పీఎఫ్ ఒక్కటి ఫెయిలైందని వెనక్కి పంపకండి, స్కోరులో కలుపుకోండి. డొమైన్ యజమాని డీమార్క్‌లో రిజెక్ట్ చెయ్యమని స్పష్టంగా చెప్పినప్పుడు మాత్రం గుమ్మం దగ్గరే ఆపొచ్చు, ఫార్వర్డ్ పెట్టుకున్న మీవాళ్లెవరో ముందే కనుక్కుని.

స్కోరు అన్నాను కదా. మీ పాత రూల్స్‌లో లోపమేమిటంటే ఒక్క మాటకే ఉరిశిక్ష వేసేవి. 2001 నుంచీ ఉన్న స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్ లాంటివి అలా చెయ్యవు. ప్రతి గుర్తుకీ కొన్ని పాయింట్లు, మంచి గుర్తులకి మైనస్ పాయింట్లు, మొత్తం 5 దాటితే స్పామ్ కావచ్చు అంటుంది. 'అర్జెంట్' అన్న మాటకి అర పాయింటు పడితే పడనివ్వండి, మీ పాత మిత్రుడి మెయిల్‌కి దానివల్ల ఏమీ కాదు.

అసలు బలం మాత్రం నేర్పడంలో ఉంది. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసం రాశాడు. స్పామ్‌కి గుర్తులేమిటో మనం ఊహించి రూల్స్ రాసే బదులు, ఇవి స్పామ్, ఇవి మంచివి అని రెండు కుప్పలు పోసి చూపిస్తే, ఏ మాట ఏ కుప్పలో ఎంత తరచుగా వస్తుందో ప్రోగ్రామే లెక్కేసుకుంటుందన్నాడు. గణితంలో బేయిస్ సూత్రం మీద నడుస్తుంది కాబట్టి బేజియన్ ఫిల్టర్ అంటారు. అంతకు ముందు పరిశోధకులు చెప్పిన ఆలోచనే, కానీ ఆయన రాశాకే అందరి చేతుల్లోకీ వచ్చింది. దీని అందం ఏమిటంటే మీ మంచి మెయిల్ ఎలా ఉంటుందో అది మీ దగ్గరే నేర్చుకుంటుంది. మందుల వ్యాపారం చేసేవాళ్లకి మందు పేరు మంచి మాట, మీకు కాదు. లెక్కలు రాసేవాళ్లకి 'ఇన్వాయిస్' రోజూ వచ్చే మాట.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు: స్పామ్ కుప్ప ఒక్కటే చూపించి, మంచి కుప్ప చూపించడం మర్చిపోతారు. అప్పుడు దానికి లోకమంతా స్పామ్‌లాగే కనబడుతుంది. స్పామ్‌అసాసిన్ మామూలుగా 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు చూసేదాకా బేయిస్ లెక్క వాడటమే మొదలుపెట్టదు, అది సరైన జాగ్రత్త. తెలుగులో ఉత్తరాలొచ్చే మెయిల్‌బాక్సులుంటే అవి మంచి కుప్పలో తప్పకుండా ఉండాలి. అంతా ఇంగ్లీషే చూపిస్తే తెలుగు మాటలకి దాని దగ్గర ఏ లెక్కా ఉండదు. ఎవరైనా మెయిల్‌ని స్పామ్ ఫోల్డర్‌లోంచి ఇన్‌బాక్స్‌కి లాగితే అది మంచి మెయిల్‌గా నేర్చుకునేలా, ఇన్‌బాక్స్‌లోంచి స్పామ్‌లోకి వేస్తే స్పామ్‌గా నేర్చుకునేలా పెట్టండి. మీ స్టాఫ్ రోజూ చేసే పనే దానికి పాఠం అవుతుంది.

నేను పెట్టుకునే గీతలు ఇవి: 5 దాటితే స్పామ్ ఫోల్డర్, 15 దాటితే గుమ్మం దగ్గరే 550. మధ్యలో డిలీట్ అన్నది లేదు. మొదటి రెండు వారాలు 550 కూడా వద్దు, కేవలం ఫోల్డర్‌లో వేసి రోజూ ఒకసారి చూడండి.

ఫోల్డర్‌లోకి వచ్చిన అనుమానపు మెయిల్‌ని ఎలా చూడాలో ఒకటి చెప్తాను. పోయిన నెల మా దగ్గర ఒకావిడ "మా డైరెక్టర్ గారు బిల్లు అర్జెంటుగా కట్టమంటున్నారు, కట్టెయ్యనా?" అని ఒక మెయిల్ చూపించారు. పైన డైరెక్టర్ పేరే ఉంది. పేరు మీద నొక్కితే వెనకాల ఏదో ఉచిత సర్వీసు చిరునామా. హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే, మామూలుగా కనబడని లైన్లు) తెరిచాం. జవాబు వెళ్లే చిరునామా ఇంకోటి, రెండిటికీ పొంతన లేదు. తర్వాత 'రిసీవ్డ్' లైన్లు. వీటిని కింది నుంచి పైకి చదవాలి, ప్రతి సర్వరూ తన లైనుని పైన తగిలిస్తుంది కాబట్టి. మీ సర్వర్ తగిలించిన పై లైన్లనే నమ్మొచ్చు, కిందవి పంపినవాడు కల్పించి రాసి ఉండొచ్చు. మా సర్వర్ రాసిన లైనులో ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్ అనే ఉంది. ఆ ఉచిత సర్వీసు నుంచే నిజంగా వచ్చింది మరి. మోసమంతా పేరులో ఉంది, ఆ పేరుని ఏ పరీక్షా చూడదు. ఆవిడ కంగారులో నొక్కేసే మనిషే, కానీ ఆగి అడిగారు. డబ్బు అడిగే ఏ మెయిల్‌కైనా ముందు ఆ మనిషికి ఫోన్ చేసి కనుక్కోవాలని అందరికీ చెప్పండి. అలా అడిగినందుకు ఎవర్నీ ఎప్పుడూ విసుక్కోకండి, విసుక్కుంటే రెండోసారి అడగరు.

స్టాఫ్‌కి ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. స్పామ్‌కి జవాబివ్వకూడదు. తిడుతూ అసలు ఇవ్వకూడదు, ఆ తిట్లు చేరేది దొంగిలించిన చిరునామా గలవాళ్లకి. తాము చేరిన న్యూస్‌లెటర్ విసుగనిపిస్తే అన్‌సబ్‌స్క్రైబ్ చెయ్యాలి. ఎప్పుడూ చేరనిది, పంపినవాళ్లెవరో తెలియనిది అయితే లోపలి లింకు నొక్కకుండా స్పామ్ అని గుర్తుపెట్టాలి. చాలామంది స్పామ్ బటన్‌ని డిలీట్ బటన్‌లా వాడతారు, అది సరికాదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెట్టిన నియమాల ప్రకారం గంపగుత్తగా పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు నొక్కితే వాళ్లు చిక్కుల్లో పడతారు. తానే అడిగి చేరి, బద్ధకించి స్పామ్ అని నొక్కడం నిజాయితీగా పంపేవాళ్లకి అన్యాయం. మీ ఫిల్టర్‌కి కూడా తప్పు పాఠమే. తెలిసినవాళ్లు ఏదో ఒకటి ఫార్వర్డ్ చేస్తూ విసిగిస్తుంటే ఫోన్ చేసి "నాకొద్దండీ" అని చెప్పడమే మర్యాద. పైకి ఏమీ అనకుండా బ్లాక్ చేస్తే రేపు ఆ మనిషి పంపే అవసరమైన కబురు కూడా అందదు.

చిరునామాలు ఇచ్చేటప్పుడు ప్లస్ గుర్తు వాడటం నేర్పండి. పేరు తర్వాత ప్లస్ పెట్టి ఏ సైటుకిస్తున్నారో ఆ మాట రాస్తే, మెయిల్ అదే బాక్సుకి వస్తుంది, ఎవరు బయటపెట్టారో తెలుస్తుంది. చాలా సర్వర్లలో ఇది పనిచేస్తుంది. బయటి బొమ్మలు వాటంతటవే లోడ్ కాకుండా ఆపండి, మెయిల్ తెరిచారా లేదా అని కనిపెట్టేది వాటితోనే. యాభై మందికి ఒకేసారి రాస్తే బీసీసీలో పెట్టాలి, ఒకరి చిరునామా ఇంకొకరికి పంచే హక్కు మనకి లేదు.

ఇక అడ్మిన్‌గా మీ మర్యాదలు. పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్ అనే రెండు చిరునామాలు మీ డొమైన్‌లో ఉండాలి, మనిషి చదవాలి. అబ్యూజ్ బాక్సుకి మిగతావాటిలాంటి ఫిల్టర్ పెట్టకండి. మీ సర్వర్ నుంచి స్పామ్ వస్తోందని ఫిర్యాదు చేసేవాళ్లు ఆ స్పామ్‌నే జతచేసి పంపుతారు, ఫిల్టర్ ఉంటే ఫిర్యాదునే తన్నేస్తుంది. స్టాఫ్ మెయిళ్లు వాళ్లకి చెప్పకుండా తెరిచి చదవకండి. ఏది ఎందుకు ఆగిందో తేల్చడానికి లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా), హెడర్లు చాలాసార్లు సరిపోతాయి. లోపల చూడాల్సి వస్తే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఫిల్టర్‌లో ఏం మార్చినా ముందు అందరికీ నాలుగు లైన్లు రాయండి.

మీ సంస్థ నుంచి వెళ్లే మెయిల్ కూడా ఒకసారి చూసుకోండి. గురివింద గింజ తన నలుపెరగదంటారు. స్పామ్ గోల భరించలేకపోతున్నామనే చోటే, పాత విజిటింగ్ కార్డుల్లోంచి ఏరిన చిరునామాలన్నిటికీ పండగ శుభాకాంక్షలు, కొత్త సర్వీసుల కబుర్లు పంపడం చూశాను. అడగనివాళ్లకి పంపకండి. వద్దన్నవాళ్లని ఆ రోజే తీసేయండి. ఎవరైనా మిమ్మల్ని బ్లాక్‌లిస్ట్‌లో పెడితే కోప్పడకుండా ముందు మీ లాగ్ చూడండి, ఎవరో ఒకరి పాస్‌వర్డ్ పోయి ఉంటుంది. అది సరిచేశాకే తీసెయ్యమని అడగండి. సరిచెయ్యకుండా అడిగితే రెండోసారి మీ మాట నమ్మరు.

చివరగా ఆ 550 జవాబులో రాసే వాక్యం. "పాలసీ కారణంగా తిరస్కరించబడింది" అని రాసి వదిలేసే సర్వర్లు ఎక్కువ. అది చదివిన మనిషికి ఏం చెయ్యాలో తెలియదు. నేనైతే ఇలా రాస్తాను: "మీ మెయిల్‌ని మా సర్వర్ స్పామ్ అనుకుని తీసుకోలేదు. పొరపాటైతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి, లేదా పోస్ట్‌మాస్టర్‌కి రాయండి, ఆ చిరునామాకి ఈ ఫిల్టర్ లేదు." చాలా సర్వర్లు ఈ జవాబులో ఇంగ్లీషు అక్షరాలనే తీసుకుంటాయి కాబట్టి ఇదే మాట సులువైన ఇంగ్లీషులో పెట్టండి. మీ 11 రోజుల సంగతిలో ఆయనకి ఈ రెండు వాక్యాలు మొదటి రోజే అంది ఉంటే సాయంత్రంలోపు ఫోన్ చేసేవారు. ఆ నంబరు ఎవరిదో నిర్ణయించేటప్పుడు మాత్రం, పనివేళల్లో నిజంగా ఎత్తే మనిషిదే పెట్టండి.